లండన్‌లో ఒకరు, వాషింగ్టన్‌లో ఒకరు: ఆ వార్తల ప్రోగ్రామ్ ఎలా నడిచేది, మనకెందుకు పనికొస్తుంది

మీరు అడిగింది ఇది: బీబీసీలో ‘బియాండ్ 100 డేస్’ అని లండన్ నుంచి ఒకరు, వాషింగ్టన్ నుంచి ఒకరు కూర్చుని చేసే ప్రోగ్రామ్ వచ్చేది కదా, అలాంటివి తెర వెనక ఎలా నడుస్తాయి, అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో పిల్లలున్న కుటుంబాలకు మామూలు బులెటిన్ కంటే వాటితో ఎక్కువ ఉపయోగం ఉంటుందా అని. నేను హైదరాబాద్‌లో తెలుగు న్యూస్ ఛానల్ డెస్క్‌లోనూ తర్వాత ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్ అయిన పీసీఆర్‌లోనూ చాలా ఏళ్లు పనిచేశాను, అంతర్జాతీయ వార్తలు నేనే చూసేవాణ్ని, కాబట్టి ఈ ప్రోగ్రామ్‌ని పని నేర్చుకునే కళ్లతో చూశాను. ఉపయోగం ఉంది, చాలా ఉంది. రెండు దేశాల వార్తలు ఒకేచోట దొరుకుతాయని మాత్రం కాదు, అవి ఫోన్‌లో ఎలాగూ దొరుకుతాయి. ఇందులో ప్రతి నిమిషం ప్రేక్షకుల్లో సగం మందికి అప్పుడు చెబుతున్న దేశం కొత్త. దాంతో ఇద్దరు యాంకర్లూ తమ ఊరి రాజకీయాన్ని పక్క ఊరివాళ్లకు అర్థమయ్యేలా చెప్పక తప్పదు. ఆ ‘చెప్పక తప్పకపోవడం’ దగ్గరే దీని విలువంతా ఉంది.

ముందు చూడనివాళ్ల కోసం కొంచెం నేపథ్యం. 2017 జనవరిలో ట్రంప్ మొదటిసారి అధ్యక్షుడయ్యారు, అంతకు ఏడు నెలల ముందే బ్రిటన్ 52-48 శాతంతో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటేసింది (బ్రెగ్జిట్ అన్నది దీన్నే). కొత్త అధ్యక్షుడి మొదటి వంద రోజుల్ని లెక్కపెట్టి మార్కులేయడం అమెరికాలో 1933 నుంచి, అంటే ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ కాలం నుంచి ఉన్న అలవాటు. ఆ వంద రోజుల కోసమే బీబీసీ ‘100 డేస్’ పేరుతో దీన్ని మొదలుపెట్టింది. వాషింగ్టన్‌లో కాటీ కే, లండన్‌లో క్రిస్టియన్ ఫ్రేజర్. వంద రోజులు గడిచినా వార్తలు తగ్గలేదు, ప్రోగ్రామ్ ఆగలేదు, పేరు మారుతూ వచ్చి ‘బియాండ్ 100 డేస్’ అయింది, 2020లో కరోనా సమయంలో ఆగిపోయేదాకా నడిచింది. సోమవారం నుంచి గురువారం దాకా, లండన్ టైమ్ రాత్రి 7 గంటలకు, బ్రిటన్‌లో బీబీసీ న్యూస్‌లోనూ బీబీసీ ఫోర్‌లోనూ, మనలాంటి బయటి దేశాల్లో బీబీసీ వరల్డ్ న్యూస్‌లోనూ వచ్చేది. 2018లో అమెరికాలోని పబ్లిక్ టెలివిజన్ పీబీఎస్ కూడా తీసుకుంది. కాటీ కే బ్రిటిష్ మనిషే, కానీ అప్పటికే ఎన్నో ఏళ్లుగా వాషింగ్టన్‌లో ఉంటున్నారు. ఫ్రేజర్ రోమ్, కైరో, పారిస్‌లలో రిపోర్టర్‌గా పనిచేసి వచ్చినవారు. సొంత దేశాన్ని కాస్త దూరం నుంచి చూసిన అనుభవం ఇద్దరికీ ఉంది, అది లేకపోతే ఈ పని కుదరదు.

ఇద్దరు యాంకర్లు రెండు ఊళ్లలో ఉండి వార్తలు చదవడం పాత పద్ధతే. అమెరికాలో ఎన్‌బీసీ 1956లోనే చెట్ హంట్లీని న్యూయార్క్‌లో, డేవిడ్ బ్రింక్లీని వాషింగ్టన్‌లో కూర్చోబెట్టింది, అది 1970 దాకా నడిచింది. సముద్రం దాటి చేసింది ఏబీసీ. 1978లో ‘వరల్డ్ న్యూస్ టునైట్’ మొదలైనప్పుడు వాషింగ్టన్‌లో ఫ్రాంక్ రేనాల్డ్స్, షికాగోలో మాక్స్ రాబిన్సన్, లండన్‌లో పీటర్ జెన్నింగ్స్, ముగ్గురు మూడు చోట్ల. 1983లో రేనాల్డ్స్ చనిపోయాక జెన్నింగ్స్ ఒక్కరే యాంకర్ అయ్యారు, ఆ పద్ధతి ముగిసింది. ఏబీసీలో లండన్ డెస్క్ పని బయటి ప్రపంచాన్ని అమెరికన్లకు చూపించడం, అంటే చెప్పేవాళ్లు రెండుచోట్ల ఉన్నా వినేవాళ్లు ఒక్క దేశమే. బీబీసీ చేసినదాంట్లో వినేవాళ్లు కూడా రెండువైపులా ఉన్నారు. నా లెక్కలో ఇది చాలా పెద్ద తేడా.

ఇక తెర వెనక సంగతి. అట్లాంటిక్ మీదుగా టీవీ బొమ్మ ప్రత్యక్షంగా రావడం 1962 జులైలో టెల్‌స్టార్ ఉపగ్రహంతో మొదలైంది. అది భూమి చుట్టూ తిరుగుతూ పోయేది, ఒక్కో చుట్టులో రెండు తీరాలకూ ఒకేసారి కనిపించేది 20 నిమిషాలే, ఆలోపే ప్రసారం ముగించుకోవాలి. 1965లో ఎర్లీ బర్డ్ వచ్చాక ఉపగ్రహం ఆకాశంలో ఒకేచోట నిలబడింది, కానీ 36,000 కిలోమీటర్ల ఎత్తున. సిగ్నల్ అంతదూరం వెళ్లి కిందికి దిగడానికి పావు సెకను, జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు సెకను. ప్రశ్న అడిగాక రిపోర్టర్ తల ఊపుతూ ఖాళీగా నిలబడతాడు చూడండి, అదే ఇది. ఇప్పుడు చాలావరకు సముద్రం కింద కేబుళ్ల మీదే వస్తుంది, కేబుల్‌లో పోయి రావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు, కానీ వీడియోని కుదించి, పంపి, మళ్లీ విప్పడంలో టైమ్ పోతుంది, కాబట్టి ఆలస్యం తగ్గిందే తప్ప పోలేదు.

ఆలస్యం కంటే భయపెట్టేది సొంత గొంతు. వాషింగ్టన్ యాంకర్ చెవిలోకి లండన్ నుంచి మొత్తం ప్రోగ్రామ్ ఆడియో పంపితే తన మాట తనకే అర సెకను ఆలస్యంగా వినబడుతుంది, అలా వినబడితే ఎంత సీనియర్ అయినా నాలుక తడబడుతుంది, వాక్యం మధ్యలో ఆగిపోతుంది. అందుకే ఆ యాంకర్ గొంతు తీసేసి మిగతాదంతా కలిపి పంపుతారు, దాన్ని మిక్స్ మైనస్ అంటారు, కొన్నిచోట్ల క్లీన్ ఫీడ్ అంటారు. లైవ్ మొదలయ్యే ముందు ఆడియో ఇంజనీర్ మొదట సరిచూసేది ఇదే. మన దగ్గర కొత్తగా చేరిన పిల్లలు కెమెరా, లైటింగ్ గురించే అడుగుతారు, రెండుచోట్ల నుంచి నడిచే షోని నిలబెట్టేది, పడేసేది ఆడియో.

దీనికితోడు టాక్‌బ్యాక్. ప్రొడ్యూసర్ చెవిలో చెప్పేది ఇద్దరు యాంకర్లకూ వినబడాలి, ‘గెస్ట్ రెడీ’, ‘30 సెకన్లు’, ‘ఇది వదిలేయండి, బ్రేకింగ్ వచ్చింది’ ఇలాంటివి. పక్కపక్కన కూర్చున్న యాంకర్లు కళ్లతో సైగ చేసుకుంటారు, ఇక్కడ ఆ అవకాశం లేదు. అందుకే వాక్యం చివర ‘కాటీ’, ‘క్రిస్టియన్’ అని పేరు పెట్టి పిలుచుకుంటారు. చూసేవాళ్లకు స్నేహంగా అనిపిస్తుంది, స్నేహం ఉండొచ్చు కూడా, కానీ అసలు పని ఏమిటంటే ఇక నీ వంతు అని అవతలి మనిషికీ, కట్ చేయమని, తెర మీద బొమ్మ మార్చే స్విచర్ దగ్గర ఉన్నవాళ్లకూ అది గుర్తు. ఇంకో ముఖ్యమైన ఫలితం కూడా ఉంది. ఆలస్యం ఉన్నచోట ఒకరి మాట మీద ఇంకొకరు పడితే ఇద్దరిదీ వినబడదు, కాబట్టి అవతలి మనిషి ముగించేదాకా ఆగాల్సిందే. అలా ఆగి విన్నవాళ్ల తర్వాతి ప్రశ్న ముందే రాసుకున్నదిలా ఉండదు, విన్నదాని మీద నుంచి వస్తుంది. తెర మీద ఆరు కిటికీలు పెట్టి ఆరుగురూ ఒకేసారి మాట్లాడే చర్చలకు అలవాటుపడిన మన కళ్లకు, చెవులకు రెండే కిటికీలు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం ఎంత హాయిగా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది.

టైమ్ సంగతి చెప్పాలి, దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ ప్రోగ్రామ్ రూపాన్ని నిర్ణయించేదే అది. లండన్‌లో రాత్రి 7 అంటే వాషింగ్టన్‌లో మధ్యాహ్నం 2, మనకు చలికాలంలో అర్ధరాత్రి 12:30, వాళ్లు గడియారం ముందుకు జరుపుకున్నాక రాత్రి 11:30. ఆ వేళకు లండన్ రోజు ముగింపుకొచ్చింది, స్టాక్ మార్కెట్ సాయంత్రం 4:30కే మూసేశారు, పార్లమెంటులో మంగళ, బుధవారాల్లో ఓటింగ్ మామూలుగా 7 గంటల ప్రాంతంలోనే పెడతారు. వాషింగ్టన్‌లో మాత్రం రోజు సగంలో ఉంది, వైట్ హౌస్ బ్రీఫింగ్ అప్పుడే అయిపోయి ఉంటుంది లేదా నడుస్తూ ఉంటుంది, న్యూయార్క్ మార్కెట్‌కి ఇంకా రెండు గంటల వ్యాపారం మిగిలి ఉంది. కాబట్టి లండన్ నుంచి వచ్చేది కాస్త చల్లారిన వార్త, ‘ఈరోజు ఏం జరిగింది, దాని అర్థం ఏమిటి’ అనే వివరణ. వాషింగ్టన్ నుంచి వచ్చేది ఇంకా వేడిగా ఉన్న వార్త. ఈ రెండూ ఒకే గంటలో పక్కపక్కన ఉండటం వల్ల ప్రోగ్రామ్‌కి ఒక నడక వచ్చింది, అది ఎవరో కూర్చుని డిజైన్ చేస్తే వచ్చేది కాదు. ఏటా కొన్ని వారాలు ఈ లెక్క తప్పుతుంది కూడా, అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం మారుస్తుంది, బ్రిటన్ మార్చి చివరి ఆదివారం మారుస్తుంది, మధ్యలో తేడా ఐదు గంటలు కాకుండా నాలుగే ఉంటుంది. గెస్ట్‌లని బుక్ చేసేవాళ్లకు ఆ వారాలంత టెన్షన్ ఇంకెప్పుడూ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం, వివరించక తప్పకపోవడం వల్ల ఏం ఒరిగిందో. 2019 జనవరి 15 చూడండి. ఆ రాత్రి బ్రిటన్ ప్రధాని థెరిసా మే బ్రెగ్జిట్ ఒప్పందం పార్లమెంటులో 432-202తో ఓడిపోయింది, 230 ఓట్ల తేడా. అదే రోజున అమెరికాలో మెక్సికో గోడ డబ్బుల కోసం ప్రభుత్వ కార్యాలయాలు మూతపడి ఉన్నాయి, డిసెంబరు 22న మొదలైన ఆ షట్‌డౌన్ 35 రోజులు సాగింది. రెండు దేశాలూ ఒకేసారి ఇరుక్కుపోయాయి, కానీ ఇరుక్కున్న తీరు వేరు. అమెరికన్‌కి వచ్చే సందేహం: అంత ఘోరంగా ఓడిన ప్రధాని మర్నాడు ఇంకా కుర్చీలో ఎలా ఉంది? బ్రిటిష్ మనిషికి వచ్చే సందేహం: బడ్జెట్ పాస్ కాకపోతే ప్రభుత్వం పడిపోవాలి గానీ ఉద్యోగులకు జీతాలు ఆపి ఎలా కొనసాగుతుంది? మొదటిదానికి జవాబు, ఒక తీర్మానం మీద ఓడటం వేరు, విశ్వాస పరీక్షలో ఓడటం వేరు, మర్నాడు జరిగిన విశ్వాస పరీక్షలో మే 325-306తో గెలిచారు, సొంత పార్టీవాళ్లు ఒప్పందాన్ని వద్దన్నారు గానీ ప్రభుత్వాన్ని పడగొట్టి ఎన్నికలకు పోదామనలేదు. రెండోదానికి జవాబు, అమెరికా అధ్యక్షుడు కాంగ్రెస్ మద్దతు మీద బతకడు, నాలుగేళ్లకు ఎన్నికైనవాడు, డబ్బు మంజూరు చేసే అధికారం మాత్రం కాంగ్రెస్‌ది, బడ్జెట్ తగాదా మీద ఇద్దరిలో ఎవరూ ఎవరినీ దించలేరు కాబట్టి మధ్యలో ఉద్యోగులు నలిగారు. ఒక దేశం ఛానల్ ఈ రెండు ప్రశ్నల్లో తన దేశంది అసలు అడగదు, తనవాళ్లందరికీ తెలిసిందే అనుకుంటుంది. నిజానికి తనవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. పరాయివాళ్ల కోసం చెప్పిన ఆ నాలుగు వాక్యాలు సొంతవాళ్లకూ ఉపయోగపడ్డాయి, మనకు మరీను.

అదే ఏడాది సెప్టెంబరు 24 ఇంకా గట్టి ఉదాహరణ. ఆ ఉదయం లండన్‌లో సుప్రీంకోర్టు 11 మంది జడ్జిలు ఏకగ్రీవంగా, బోరిస్ జాన్సన్ పార్లమెంటును ఐదు వారాలు ఆపేయడం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పారు. ఆ సాయంత్రం వాషింగ్టన్ టైమ్ 5 గంటలకు స్పీకర్ నాన్సీ పెలోసీ ట్రంప్ మీద అభిశంసన విచారణ మొదలవుతోందని ప్రకటించారు. జాన్సన్, ట్రంప్ ఇద్దరూ ఆ రోజు న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాల్లోనే ఉన్నారు, కలుసుకున్నారు కూడా. ప్రభుత్వాన్ని నడిపే నేతను ఎవరు, ఎంతవరకు ఆపగలరు అనే ఒకే ప్రశ్నకు ఒకే రోజు రెండు దేశాలు రెండు దారుల్లో జవాబు వెతికాయి. ఒకచోట కోర్టు కొన్ని రోజుల్లో తేల్చేసింది, మర్నాడే ఎంపీలు సభకు తిరిగొచ్చారు. ఇంకోచోట ప్రతినిధుల సభ డిసెంబరు 18న అభిశంసించింది, సెనేట్‌లో తొలగించాలంటే 100 మందిలో 67 ఓట్లు కావాలి, అవి రాలేదు, 2020 ఫిబ్రవరి 5న ట్రంప్ నిర్దోషిగా బయటపడ్డారు. విడివిడిగా చూస్తే రెండు గొడవలు. కలిపి చూస్తే రాజ్యాంగం ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠం. పార్లమెంటు బ్రిటన్‌ది పోలినది, రాష్ట్రాలు, సుప్రీంకోర్టు అధికారాలు కొంత అమెరికావి పోలినవి ఉన్న మన దేశంవాళ్లకు ఈ పోలిక ఇంకా బాగా ఎక్కుతుంది.

మొదట్లోనే, 2017 జనవరి 27న ఇలాంటిదే జరిగింది. ఆ శుక్రవారం థెరిసా మే వైట్ హౌస్‌కి వెళ్లారు, ట్రంప్‌ని కలిసిన మొదటి విదేశీ నేత ఆమె, ఇద్దరూ చేతులు పట్టుకుని నడిచిన ఫొటో అందరూ చూశారు. అదే రోజు ట్రంప్ ఏడు ముస్లిం దేశాలవాళ్ల రాకను ఆపుతూ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. వాషింగ్టన్‌లో అది వలసల వార్త, లండన్‌లో అది ‘మన ప్రధాని ఎందుకు గట్టిగా మాట్లాడలేదు’ అనే వార్త. ఒకే సంతకం రెండు ఊళ్లలో రెండు రకాల వార్త అవుతుందని తెలిస్తే, హైదరాబాద్‌లో అది మూడో రకం వార్త ఎందుకు అవుతుందో తెలుసుకోవడం తేలిక.

ఇంకో సంగతి, రూల్స్. బ్రిటన్‌లో టీవీ వార్తలు నిష్పక్షపాతంగా ఉండాలని అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమం ఉంది, బీబీసీ మీద కూడా 2017 నుంచి ఆఫ్‌కామ్ పర్యవేక్షణ ఉంది. అమెరికాలో వివాదాల్లో రెండు వైపులా చెప్పాలంటూ 1949లో తెచ్చిన ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌ని 1987లో ఎత్తేశారు, అదీకాక అది గాలి తరంగాల మీద వచ్చే ఛానళ్లకు పెట్టిన రూలు, కేబుల్ ఛానళ్లకు అలాంటి కట్టుబాటు లేదు. అందుకే అమెరికా కేబుల్ న్యూస్‌లో రాత్రి 8 తర్వాత మీరు చూసేది ఎక్కువగా అభిప్రాయం, వార్త కాదు. అక్కడ స్థిరపడిన మన బంధువులు ఏ ఛానల్ చూస్తారో దాన్నిబట్టి ఒకే విషయం పూర్తిగా రెండు రకాలుగా మనకు ఫోన్‌లో చెబుతారు, ఇద్దరూ నిజాయితీగానే చెబుతారు. బ్రిటన్ రూల్స్ కింద తయారై అమెరికా రాజకీయాన్ని చెప్పే ప్రోగ్రామ్ ఒక్కటైనా చూస్తే ఆ రెండు కథల మధ్య ఏది జరిగిన విషయమో, ఏది కోపమో విడదీసుకోవచ్చు.

లోపాలు కూడా ఉన్నాయి, అవీ చెప్పాలి. అన్నిటికంటే పెద్దది, ప్రపంచం రెండు రాజధానులకు కుదించుకుపోవడం. యెమెన్, కాంగో, చివరికి మన దేశం కూడా ట్రంప్ ట్వీట్ చేస్తేనో, లండన్‌లో ప్రశ్న లేస్తేనో లోపలికి వచ్చేవి. రెండోది, బ్రెగ్జిట్, ట్రంప్ ఒకే చెట్టు కాయలు అనే ఆలోచన మీదే ప్రోగ్రామ్ పుట్టింది కాబట్టి పోలిక లేనిచోట కూడా పోలిక వెతికేవాళ్లు. బ్రెగ్జిట్‌కి ఓటేసిన ఉత్తర ఇంగ్లండ్ ఊళ్లకు, విస్కాన్సిన్‌లో ట్రంప్‌కి ఓటేసిన ఊళ్లకు పోలికలు ఉన్నాయి, కానీ యూరప్ సభ్యత్వం మీద పోరు బ్రిటన్‌లో 1970ల నుంచీ ఉంది, దానికి ట్రంప్‌తో పనిలేదు. మూడోది, రాజధానిలో కూర్చుని మాట్లాడితే గెస్ట్‌లు కూడా రాజధానివాళ్లే వస్తారు, మాజీ సలహాదారులు, పత్రికల కాలమిస్టులు. ఈ కొరతని తీర్చేది ఫీల్డ్‌లోకి వెళ్లే రిపోర్టర్లే, స్టూడియోలు ఎన్ని కలిపినా తీరదు.

ఇక మీ రెండో ప్రశ్న, మన కుటుంబాల సంగతి. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం. హెచ్-1బీ మీద లక్ష డాలర్ల ఫీజు అని ట్రంప్ సంతకం పెట్టారు. సంతకం వేళ వాణిజ్య మంత్రి లట్నిక్ అది ఏటేటా కట్టాలన్నట్టు మాట్లాడారు. 21వ తేదీ మొదలయ్యే క్షణం నుంచి అమలు. ఇండియాలో సెలవుకి వచ్చినవాళ్లు టికెట్ల కోసం పరుగులు, కంపెనీలు వెంటనే తిరిగి రమ్మని మెయిళ్లు, ఇక్కడ తల్లిదండ్రులకు రెండు రాత్రులు నిద్రలేదు. 20వ తేదీన వైట్ హౌస్ స్పష్టం చేసింది: ఏటా కాదు, ఒక్కసారే, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు, రెన్యువల్స్‌కి వర్తించదు. హెచ్-1బీ ఆమోదాల్లో 70 శాతానికి పైగా భారతీయులవే, అందులో మనవాళ్లు ఎందరో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఒక్కరోజులో మన తెరల మీద ‘ఇంటికి పంపేస్తారా’ అనే ప్రశ్న వందసార్లు తిరిగింది. తిరగాల్సిన ప్రశ్నలు వేరు: ఇది చట్టమా, అధ్యక్షుడి ప్రకటనా? ఎవరికి వర్తిస్తుంది, ఎప్పటి నుంచి, ఎప్పటిదాకా (ఆ ప్రకటన గడువు 12 నెలలని అందులోనే రాసి ఉంది)? కోర్టుకి వెళ్లగలిగేది ఎవరు? కాంగ్రెస్‌కి ఇందులో పాత్ర ఉందా? లండన్ యాంకర్ వాషింగ్టన్ యాంకర్‌ని అడిగేది అచ్చంగా ఇవే, ఎందుకంటే లండన్‌లో ఉన్న మనిషికి అవి నిజంగానే సందేహాలు. ఈ ప్రశ్నలు అడగడం మీరు అలవాటు చేసుకుంటే ఏ ఛానల్ చూసినా సగం భయం తగ్గుతుంది.

బ్రిటన్ వైపు కూడా అంతే. చదువు అయ్యాక రెండేళ్లు ఉండి పనిచేసుకునే వీసాని అక్కడ 2012లో తీసేశారు, 2019 సెప్టెంబరులో మళ్లీ ఇస్తామని ప్రకటించారు, నిజంగా తెరుచుకుంది 2021 జులై 1న. ప్రకటనకీ అమలుకీ మధ్య దాదాపు రెండేళ్లు. ప్రకటన విన్న రోజే అప్పు చేసి పిల్లల్ని పంపాలా, రూల్స్ కాగితం మీదికి వచ్చేదాకా ఆగాలా అన్న నిర్ణయం ఈ తేడా తెలిసినవాళ్లే సరిగ్గా తీసుకోగలరు.

ఇప్పుడు ఏం చూడాలి అంటే, క్రిస్టియన్ ఫ్రేజర్ తర్వాత బీబీసీలో ‘ది కాంటెక్స్ట్’ అనే ప్రోగ్రామ్ చేశారు, అమెరికా, బ్రిటన్ వార్తల్ని కలిపి మాట్లాడే ఆ పద్ధతి అందులోనూ ఉంది. పీబీఎస్‌లో 2018 సెప్టెంబరు నుంచి ‘అమన్‌పూర్ అండ్ కంపెనీ’ వస్తోంది, క్రిస్టియాన్ అమన్‌పూర్ లండన్ నుంచి, ముంబైలో పుట్టిన హరి శ్రీనివాసన్, వాల్టర్ ఐజాక్సన్, మిషెల్ మార్టిన్ అమెరికా నుంచి ఇంటర్వ్యూలు చేస్తారు, అక్కడ ఒక్కో సంభాషణకు 15 నిమిషాల పైనే ఇస్తారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. కాటీ కే ఇప్పుడు ఆంథోనీ స్కారముచితో కలిసి అమెరికా రాజకీయాల మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నారు, ఆయన 2017లో పది రోజుల పైచిలుకు మాత్రమే ట్రంప్ దగ్గర కమ్యూనికేషన్స్ డైరెక్టర్‌గా ఉన్న మనిషి, లోపలి సంగతులు తెలుసు, కానీ ఆయన మాటని ఆయన కోణంగానే వినండి. తెలుగులో కావాలంటే బీబీసీ తెలుగు 2017 అక్టోబరు 2 నుంచి ఉంది, వివరణ కథనాలు బాగుంటాయి.

అయితే బీబీసీ, పీబీఎస్ రెండూ ఇప్పుడు గట్టి దెబ్బలు తింటున్నాయి, అది నాకు బాధగా ఉంది. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్‌కి కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది, ఆ డబ్బు పంచే, 1967 నుంచి ఉన్న కార్పొరేషన్ మూతకు సిద్ధమైంది, చిన్న ఊళ్లలోని స్టేషన్లు దాని మీదే బతికేవి. అదే ఏడాది నవంబరులో బీబీసీ డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, న్యూస్ హెడ్ డెబోరా టర్నెస్ రాజీనామా చేశారు. ట్రంప్ 2021 జనవరి 6 ప్రసంగంలో 50 నిమిషాలకు పైగా ఎడం ఉన్న రెండు ముక్కల్ని బీబీసీ డాక్యుమెంటరీ ప్రోగ్రామ్ ‘పనోరమా’లో ఒకే వాక్యంలా అతికించడం దానికి కారణం. అది చిన్న తప్పు అని నేను అనను. ఎడిట్ టేబుల్ దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరూ గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన తప్పు, ఎందుకంటే సముద్రానికి అవతలి ప్రేక్షకుడు నిన్ను నమ్మేది నువ్వు అతని దేశం గురించి కత్తిరించకుండా చెబుతావనే.

మన ఛానళ్లలో ఇలాంటిది చేయలేమా అని కూడా కింద కామెంట్లలో ఎవరో అడిగారు. చేయొచ్చు, టెక్నాలజీ ఇప్పుడు అడ్డంకి కాదు, ఇంటర్నెట్ మీదే మంచి క్వాలిటీ లింక్ దొరుకుతుంది. కావాల్సింది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక పూర్తికాలం జర్నలిస్టు, వార్తకింత అని తీసుకునే స్ట్రింగర్ కాదు, ఫోన్‌ఇన్ ఇచ్చే సంఘం నాయకుడు అసలే కాదు. హైదరాబాద్‌లో అతన్ని తెలియనివాడిలా ప్రశ్నలు అడిగే యాంకర్. మాట పూర్తయ్యేదాకా ఆగమని చెవిలో చెప్పే ప్రొడ్యూసర్. మనకు రాత్రి 8 అంటే డాలస్‌లో ఉదయం, అక్కడ కోర్టులు, ఆఫీసులు తెరుచుకునే వేళ, నిన్న వాషింగ్టన్‌లో జరిగినదంతా అప్పటికి కాగితాల మీద ఉంటుంది. వారానికి ఒక్క అరగంటతో మొదలుపెట్టినా వీసాలు, చదువులు, ట్యాక్సులు, అక్కడి ఎన్నికలు అన్నీ పడతాయి. పెట్టే ఛానల్ ఉంటే రన్‌డౌన్ (ఏ అంశం ఎప్పుడు, ఎంతసేపు అనే జాబితా) రాసివ్వడానికి నేను సిద్ధం.